దారిలో ఒక్క యాంపే ఉండాలి

ప్రశ్న: నాలుగేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాను. ఒక ట్యూబ్ కాంబో (యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉన్న) యాంప్ ఉంది, 12 అంగుళాల స్పీకర్ ఒకటి, వెనక ఎఫెక్ట్స్ లూప్ (బయటి ఎఫెక్ట్స్‌ను యాంప్ మధ్యలో కలిపే సెండ్, రిటర్న్ జాకులు) ఉన్నాయి. ఈ మధ్య యాంప్ మోడలింగ్ (రకరకాల యాంపుల సౌండ్‌ను అనుకరించడం) ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ కొన్నాను. హెడ్‌ఫోన్స్‌లో వింటే ప్రాణం లేచొస్తుంది. అదే ప్యాచ్‌తో (దాచుకున్న సౌండ్ సెట్టింగ్‌తో) యాంప్‌లో పెట్టి వాయిస్తే కంబళి కప్పినట్టు ఉంటోంది. లూప్ రిటర్న్‌లో పెట్టమని ఒకరు, నాలుగు కేబుళ్ల పద్ధతి మంచిదని ఒకరు, యాంప్ అమ్మేసి పవర్డ్ స్పీకర్ (పవర్ యాంప్ లోపలే ఉన్న స్పీకర్) కొనుక్కోమని ఇంకొకరు చెబుతున్నారు. యాంప్ స్పీకర్ అవుట్ నుంచి ప్రాసెసర్‌లోకి తీసుకుంటే యాంప్ సౌండ్ రికార్డ్ చేసుకోవచ్చని కూడా ఒక మిత్రుడు అన్నాడు. యూఎస్‌బీలో రికార్డ్ చేస్తుంటే ప్రతి నోటూ రెండుసార్లు వినిపిస్తోంది. ట్రాక్‌లో మిగతా వాయిద్యాలు కలిశాక నా గిటార్ ఎక్కడుందో తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. పొరపాటు ఎక్కడ జరుగుతోంది?

సమాధానం: మిగతావన్నీ తర్వాత. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట ఒకటుంది, ముందు దాని సంగతి చూద్దాం. యాంప్ వెనక స్పీకర్ అవుట్ అని రాసి ఉన్న జాక్ నుంచి ప్రాసెసర్‌కి గానీ, మిక్సర్‌కి గానీ, ల్యాప్‌టాప్‌కి గానీ ఎప్పుడూ కేబుల్ వేయకండి. 50 వాట్ల యాంప్ పూర్తి బలంతో 8 ఓమ్‌ల స్పీకర్‌కి పంపే వోల్టేజీ సుమారు 20 వోల్టులు. గిటార్ పికప్ నుంచి వచ్చేది మహా అయితే ఒక వోల్టు అటూ ఇటూ. దానికోసం తయారైన ఇన్‌పుట్ మీద 20 వోల్టులు పడితే కాలిపోవచ్చు. యాంప్‌కి ఇంకా పెద్ద ప్రమాదం. ట్యూబ్ యాంప్‌కి స్పీకర్ తీసేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతింటుంది, ట్యూబులూ పోవచ్చు. స్పీకర్ లేకుండా ట్యూబ్ యాంప్‌ను రికార్డ్ చేయాలంటే ఆ పనికోసమే చేసిన, స్పీకర్ బదులు యాంప్ బలాన్ని మోసే లోడ్ బాక్స్ మధ్యలో ఉండాలి, దాని ఓమ్‌లూ వాట్లూ మీ యాంప్‌కి సరిపోవాలి. అది లేనంతవరకు మీ మిత్రుడి సలహాను పక్కన పెట్టండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీ ప్రాసెసర్‌లో లోపం లేదు, యాంప్‌లోనూ లేదు. లెక్క తప్పింది, అంతే.

ఎలక్ట్రిక్ గిటార్ సౌండ్ చెవికి చేరే దారిలో మూడు మజిలీలు ఉంటాయి. ప్రీయాంప్ దగ్గర టోన్, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచి డిస్టార్షన్ తేవాలన్నది) తయారవుతాయి. పవర్ యాంప్ దానికి బలం ఇస్తుంది. క్యాబినెట్ (క్యాబ్) అనే పెట్టెలోని స్పీకర్ దాన్ని గాలిలోకి వదులుతుంది. రికార్డింగ్ అయితే స్పీకర్ ముందు మైక్ అనే నాలుగో మజిలీ కూడా చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో మీకు నచ్చిన ఆ ప్యాచ్‌లో ఈ నాలుగూ ఉన్నాయి. అది పూర్తయిపోయిన సౌండ్. దాన్ని తీసుకెళ్లి మళ్లీ నిజమైన యాంప్ ఇన్‌పుట్‌లో పెట్టారు. అంటే ప్రీయాంప్ రెండుసార్లు, పవర్ యాంప్ రెండుసార్లు, స్పీకర్ రెండుసార్లు, పైగా మధ్యలో లేని మైక్ ఒకటి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఇక్కడ మూడు ఒరల్లో ఆరు కత్తులు పెట్టారు.

ఈ మజిలీల్లో ఎక్కువ చెడగొడుతున్నది స్పీకర్. గిటార్ స్పీకర్‌ను మామూలు పాటల స్పీకర్‌లా అనుకోవద్దు. 12 అంగుళాల గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక పై శబ్దాలను వేగంగా తుంచేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే గరుకు పైశబ్దాలు అక్కడే ఆగిపోతాయి కాబట్టి మనకు అది సంగీతంలా వినిపిస్తుంది. ప్రాసెసర్‌లోని క్యాబ్ సిమ్యులేషన్, అంటే స్పీకర్ క్యాబ్‌ను అనుకరించే భాగం, చేసేదీ అదే పని. రెండూ వరుసగా ఉంటే ఒకసారి తుంచినదాన్ని మళ్లీ తుంచినట్టు. మీరు కంబళి అన్నది దాన్నే. దీనికి తిరగేసిన తప్పు కూడా తెలుసుకోండి. క్యాబ్ ఆఫ్ చేసిన ప్యాచ్‌ను హెడ్‌ఫోన్స్‌లో గానీ, మిక్సర్‌లో గానీ వింటే ఆ గరుకుదనాన్ని ఆపేవాళ్లు ఉండరు. డబ్బాలో కందిరీగలు తిరుగుతున్నట్టు ఉంటుంది. కంబళి వినిపిస్తే క్యాబ్ రెండుసార్లు ఉందని, కందిరీగలు వినిపిస్తే అసలు లేదని గుర్తుపెట్టుకోండి. స్టేజీ మీద కంగారులో ఉన్నప్పుడు ఈ ఒక్క గుర్తుతో సగం చిక్కులు విప్పేయొచ్చు.

ప్రీయాంప్ సంగతి కూడా చిన్నదేం కాదు. గిటార్ యాంప్‌లో బాస్, మిడిల్, ట్రెబుల్ అన్నీ మధ్యలో పెడితే టోన్ ఏ మార్పూ లేకుండా వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అలా వెళ్లదు. చాలా యాంపుల టోన్ సర్క్యూట్ ఆ స్థితిలో మిడ్స్‌ను, అంటే మధ్య శబ్దాలను, గుంట తవ్వినట్టు తగ్గిస్తుంది. ప్రాసెసర్‌లోని మోడల్‌లో అదే గుంట ముందే ఉంటుంది. రెండు గుంటలు కలిస్తే గిటార్ గొంతే పోతుంది.

ఈ గందరగోళానికి ఒక చరిత్ర ఉంది. 1998లో వచ్చిన లైన్ 6 కంపెనీ యాంప్ మోడలింగ్ పరికరం పాడ్‌ను చూస్తే తెలుస్తుంది. యాంప్, మైక్ లేకుండా గిటార్‌ను నేరుగా రికార్డ్ చేసుకోవడం దాని ముఖ్యమైన ఉపయోగం. అందుకే మైక్ ముందు యాంప్ ఎలా వినిపిస్తుందో అది అలా వినిపించేది. తర్వాత ఇవి కాళ్ల కిందికి వచ్చి, పెడల్‌బోర్డులుగా మారి, నిజమైన యాంపుల ముందు కూర్చున్నాయి. కానీ ఫ్యాక్టరీ ప్యాచ్‌లు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా నేరుగా వినడానికే తయారవుతాయి. మీలాగే ఎంతోమంది మొదటి రోజు వాటిని యాంప్‌లో పెట్టి నిరాశపడతారు.

సరే, యాంప్‌తో వాడటానికి మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ప్రాసెసర్‌ను యాంప్ ఇన్‌పుట్‌లోనే పెట్టడం. అప్పుడు దాన్ని ఉత్త పెడల్‌బోర్డ్‌గా చూడాలి. యాంప్ మోడల్, క్యాబ్ రెండూ ఆఫ్. వా, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, కోరస్ లాంటివి మాత్రం ఆన్. మెనూలో అవుట్‌పుట్ స్థాయిని ఇన్‌స్ట్రుమెంట్ లెవెల్‌కి (గిటార్ నుంచి వచ్చేంత బలానికి) మార్చే ఏర్పాటు ఉంటే మార్చండి. యాంప్‌ను క్లీన్‌గా పెట్టి డిస్టార్షన్ ప్రాసెసర్ నుంచి తెచ్చుకునేవాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. యాంప్‌లోని డిస్టార్షనే మీకు ఇష్టమైతే మాత్రం ఒక చిక్కు. ప్రతిధ్వనులు తెచ్చే డిలే, రివర్బ్ ముందే కలిసిపోయి ఆ డిస్టార్షన్‌లోకి వెళ్తాయి, ప్రతిధ్వనులన్నీ ముద్దయిపోతాయి.

రెండోది, ప్రాసెసర్ అవుట్‌పుట్‌ను ఎఫెక్ట్స్ లూప్ రిటర్న్‌లో పెట్టడం. రిటర్న్‌లోకి వచ్చిన సిగ్నల్ చాలా యాంపుల్లో ప్రీయాంప్‌ను దాటేసి నేరుగా పవర్ యాంప్‌కి వెళ్తుంది. కాబట్టి యాంప్ మోడల్ ఆన్, క్యాబ్ ఆఫ్. ప్రీయాంప్ ప్రాసెసర్‌ది, పవర్ యాంపూ స్పీకరూ మీ కాంబోవి, లెక్క సరిపోయింది. కొన్ని ప్రాసెసర్లలో ప్రీయాంప్ మాత్రమే ఉన్న మోడళ్లు విడిగా ఉంటాయి. లెక్క ప్రకారం అవే సరైనవి. అయినా మీ పవర్ యాంప్ క్లీన్‌గా పనిచేసే వాల్యూమ్‌లో ఉంటే పూర్తి యాంప్ మోడల్ కూడా బాగానే వినిపించవచ్చు. రెండూ విని చెవికి నచ్చింది ఉంచుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని యాంపుల్లో మాస్టర్ వాల్యూమ్ లూప్‌కి ముందే ఉంటుంది. అలాంటి యాంప్‌లో రిటర్న్‌లోకి వచ్చిన సిగ్నల్‌ను ఆపే నాబ్ ఒక్కటీ ఉండదు, పవర్ యాంప్ పూర్తి బలంతో మోగుతుంది. అందుకని మొదటిసారి ప్రాసెసర్ అవుట్‌పుట్ నాబ్‌ను సున్నాకి తెచ్చి, యాంప్ ఆన్ చేసి, నెమ్మదిగా పెంచండి. చెవులకు తగిలిన దెబ్బ తగ్గేది కాదు.

మరో మాట. ఈ పద్ధతిలో ప్యాచ్ పేరు నాలుగు స్పీకర్ల పెద్ద క్యాబ్ యాంప్‌ది అయినా, చివరికి మాట్లాడేది మీ ఒక్క స్పీకరే. వెనక తెరిచి ఉన్న చిన్న కాంబోలో మూసి ఉన్న పెద్ద క్యాబ్‌లోని కింది బలం రాదు. దానికోసం బాస్ పెంచుకుంటూ పోవద్దు, స్పీకర్ ఆయాసపడుతుంది. మీ స్పీకర్‌కి ఒక యాస ఉంటుంది, దానికి తగినట్టు మోడల్‌ను ఎంచుకోండి.

మూడోది నాలుగు కేబుళ్ల పద్ధతి. పేరు విని భయపడకండి, ఒక్కొక్క కేబుల్‌నూ గట్టిగా పలుకుతూ పెట్టండి. గిటార్ నుంచి ప్రాసెసర్ ఇన్‌పుట్‌కి ఒకటి. ప్రాసెసర్ సెండ్ నుంచి యాంప్ ఇన్‌పుట్‌కి రెండోది. యాంప్ లూప్ సెండ్ నుంచి ప్రాసెసర్ రిటర్న్‌కి మూడోది. ప్రాసెసర్ అవుట్‌పుట్ నుంచి యాంప్ లూప్ రిటర్న్‌కి నాలుగోది. ఇలా పెట్టాక మీ నిజమైన ప్రీయాంప్ ప్రాసెసర్ లోపల ఒక ఎఫెక్ట్ బ్లాక్‌లా మారిపోతుంది. వా, ఓవర్‌డ్రైవ్ దానికి ముందు, డిలే, రివర్బ్ దాని తర్వాత పెట్టుకోవచ్చు. యాంప్ డిస్టార్షన్ చెక్కుచెదరదు, ప్రతిధ్వనులు తేటగా ఉంటాయి. ఒక ప్యాచ్‌లో మీ ప్రీయాంప్‌ను వాడి, ఇంకో ప్యాచ్‌లో ఆ బ్లాక్ తీసేసి మోడల్ ప్రీయాంప్ పెట్టొచ్చు. క్యాబ్ మాత్రం రెండింట్లోనూ ఆఫ్.

ఈ పద్ధతిలో స్థాయిలు సరిచూసుకోవాలి. ప్రాసెసర్‌లో లూప్ బ్లాక్ తప్ప అన్నీ ఆఫ్ చేసి వాయించండి. తర్వాత గిటార్‌ను నేరుగా యాంప్‌లో పెట్టి వాయించండి. రెండూ ఒకే బలంతో, ఒకే స్పర్శతో వినిపించే దాకా సెండ్, రిటర్న్ స్థాయిలు సర్దండి. లూప్ దగ్గర లైన్, ఇన్‌స్ట్రుమెంట్ అని స్విచ్ ఉంటే రెండు వైపులా ఒకే రకం ఉందో లేదో చూడండి. ప్రొఫెషనల్ లైన్ లెవెల్‌కీ ఇళ్లలో వాడే పరికరాల లైన్ లెవెల్‌కీ మధ్యే దాదాపు 12 డెసిబెల్స్ తేడా ఉంటుంది. ఆ తేడా తెలియక చాలామంది ప్రాసెసర్ టోన్‌ను మింగేస్తోందని అనుకుంటారు. మీ యాంప్ లూప్‌కి మిక్స్ నాబ్ ఉంటే దాన్ని నూరు శాతానికి తిప్పండి. లేకపోతే నేరుగా వచ్చే సిగ్నల్, ప్రాసెసర్ చుట్టూ తిరిగొచ్చిన సిగ్నల్ కలిసి బోలుగా వినిపిస్తాయి.

నాలుగు కేబుళ్లతో హమ్ వస్తే అది చాలావరకు గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్ తీగలు వలయంలా కలవడం). యాంపూ ప్రాసెసరూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా పెట్టండి, నాలుగు కేబుళ్లనూ ఒక కట్టలా కలిపి ఉంచండి. అప్పటికీ పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్‌ను యాంప్ ఇన్‌పుట్‌కి వెళ్లే కేబుల్‌లో పెడితే పోతుంది. హమ్ పోతుందని యాంప్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా చెబితే వినకండి. ట్యూబ్ యాంప్ లోపల వందల వోల్టులు ఉంటాయి. ఏదైనా లోపం వచ్చిన రోజు మీకూ ఆ వోల్టులకూ మధ్య నిలబడేది ఆ పిన్నే.

మీ ప్రాసెసర్‌లో స్టీరియో డిలేలు బాగా వాడుతుంటే ఒక చిన్న సంగతి. ఒక్క యాంప్‌లోకి వెళ్లేటప్పుడు లెఫ్ట్ లేదా మోనో అని రాసి ఉన్న జాక్‌లోనే పెట్టండి. చాలా ప్రాసెసర్లలో కుడి జాక్ ఖాళీగా ఉంటే రెండు పక్కలూ కలిసి అందులోంచి వస్తాయి. లేకపోతే ఆ పక్కకీ ఈ పక్కకీ ఎగిరే డిలేలో సగం ఎగిరిపోతుంది.

ఇక పవర్డ్ స్పీకర్ మాట. ఫుల్ రేంజ్ స్పీకర్‌కి సొంత యాస దాదాపు ఉండదు, ఇచ్చింది ఇచ్చినట్టు వినిపించాలని చూస్తుంది. కాబట్టి దానికి పూర్తి ప్యాచ్ కావాలి, క్యాబ్ ఆన్‌లోనే ఉండాలి. మిక్సర్‌కి వెళ్లేటప్పుడూ అంతే. హెడ్‌ఫోన్స్ టోన్‌కి దగ్గరగా వినిపించేది ఇక్కడే. అయినా చాలామంది కొన్నాక నిరాశపడటం చూశాను. వాళ్లు ఎదురుచూసింది గదిలో రెండు మీటర్ల దూరంలో ఉన్న యాంప్ నుంచి ఛాతీకి తగిలే సౌండ్. స్పీకర్‌కి ఆనుకుని పెట్టిన మైక్ విన్న సౌండ్ వాళ్లకు వచ్చింది. రికార్డుల్లో మనం ఇన్నేళ్లుగా విన్నది ఆ రెండో సౌండే. రెండూ నిజమైనవే, రెండూ వేరు. మీకు ఏది కావాలో తెలిసేదాకా యాంప్ అమ్మొద్దు.

వాల్యూమ్ గురించి నా అనుభవం చెప్పాలి, ఇది చాలామందికి జరుగుతుంది. నా మొదటి స్టేజీ ప్రోగ్రామ్‌కి ప్యాచ్‌లన్నీ రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో, తక్కువ వాల్యూమ్‌లో తయారుచేసుకున్నాను. గెయిన్ ఎక్కువ, రివర్బ్ ధారాళం, బాస్ నిండుగా. ఒక్కడినే వింటే పెద్ద హాల్లో వాయిస్తున్నట్టు ఉండేది. స్టేజీ మీద డ్రమ్స్ మొదలవగానే నా గిటార్ మాయమైపోయింది. వినిపించినంతవరకు కిందిది హోరు, పైది చెవులు కోసే గీత. ఆ రోజు నేను సౌండ్ చూస్తున్న మనిషిని మనసులో తిట్టుకున్నాను. తర్వాత రికార్డింగ్ విన్నాక తెలిసింది, ఆయన చేయగలిగింది ఏమీ లేదని. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి కింది, పై శబ్దాలు సరిగా ఆనవు. దీన్ని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. అందుకే నెమ్మదిగా వింటున్నప్పుడు తెలియకుండానే బాస్, ట్రెబుల్ పెంచేస్తాం. అదే ప్యాచ్ గట్టిగా మోగితే రెండూ ఎక్కువైపోతాయి, పాటలో గిటార్ నిలబడాల్సిన మిడ్స్ మాత్రం ఖాళీగా ఉంటాయి.

అప్పటినుంచి నేను ప్యాచ్‌ను హెడ్‌ఫోన్స్‌లో మొదలుపెట్టినా, ముగించేది వాయించే వాల్యూమ్‌లోనే. మీరూ అలాగే చేయండి. వీలైతే రిహార్సల్ గదిలో డ్రమ్స్ మోగుతుండగా చివరి సర్దుబాటు చేయండి. ఒంటరిగా వింటే మిడ్స్ కొంచెం ముక్కుతో పాడినట్టు అనిపించే ప్యాచే చాలాసార్లు బ్యాండ్‌లో అందంగా కూర్చుంటుంది. క్లీన్ ప్యాచ్, డిస్టార్షన్ ప్యాచ్ స్థాయిలను కూడా మీటర్ చూసి కాకుండా చెవితో సరిచేయండి. క్లీన్ టోన్‌లో మీటర్ ఎగిరెగిరి పడుతుంది, డిస్టార్షన్‌లో సిగ్నల్ నొక్కుకుపోయి ఉంటుంది. మీటర్‌లో ఒకటే చూపించినా చెవికి ఒకటిగా ఉండవు.

రికార్డింగ్‌కి వద్దాం. నోట్ రెండుసార్లు వినిపించడానికి కారణం చాలా సులువు. యూఎస్‌బీ పెట్టగానే మీ గిటార్ రెండు దారుల్లో మీ చెవికి వస్తోంది. ఒకటి ప్రాసెసర్ నుంచి నేరుగా హెడ్‌ఫోన్స్‌కి. రెండోది ల్యాప్‌టాప్‌లోకి వెళ్లి, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తిరిగి పంపితే, ఆలస్యంగా. ఒక దారి మూసేయాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ ఇన్‌పుట్ మానిటరింగ్ ఆఫ్ చేయండి, సమస్య అక్కడితో పోతుంది. ప్రాసెసర్ నుంచి నేరుగా వింటున్నప్పుడు కంప్యూటర్ ఆలస్యం మీ వాయింపును తాకదు. ఇది ప్రాసెసర్‌తో రికార్డ్ చేయడంలో ఉన్న పెద్ద సుఖం, దాన్ని వదులుకోవద్దు.

ఎప్పుడైనా ల్యాప్‌టాప్‌లోని ప్లగ్-ఇన్ ద్వారా వినాల్సి వస్తే బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి తీసుకునే శాంపుళ్ల సంఖ్య) తగ్గించండి. 48,000 శాంపుల్ రేటులో 128 బఫర్ అంటే ఒక వైపు ప్రయాణానికి సుమారు 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిపి, కన్వర్టర్ల సమయం చేర్చితే ఇంకా పెరుగుతుంది. శబ్దం గాలిలో ఒక మీటరు దాటడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. అంటే యాంప్‌కి మూడు మీటర్ల దూరంలో నిలబడి వాయించేవాళ్లు 9 మిల్లీసెకన్ల ఆలస్యంతోనే హాయిగా వాయిస్తున్నారు. అంతలోపు ఉంటే కంగారు వద్దు. విండోస్ వాడుతుంటే ప్రాసెసర్ కంపెనీ ఇచ్చిన, ఆలస్యం తగ్గించే ఏసియో డ్రైవర్‌ను ఎంచుకోండి. ప్రాజెక్ట్ శాంపుల్ రేట్, ప్రాసెసర్ శాంపుల్ రేట్ ఒకటేనా అన్నది చూడండి.

స్థాయి విషయంలో ఎర్ర లైటు దాకా తోయాల్సిన పని లేదు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తే, గట్టిగా వాయించినప్పుడు మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉన్నా ఏమీ పోదు.

మీ ప్రాసెసర్ యూఎస్‌బీలో ఎఫెక్ట్స్ లేని పచ్చి గిటార్‌ను వేరే ఛానెల్‌లో పంపగలిగితే, ప్రతి టేక్‌లోనూ దాన్ని కూడా రికార్డ్ చేయండి. ఇది నేను అందరికీ పట్టుబట్టి చెప్పే మాట. చేతులు బాగా పలికిన టేక్ మళ్లీ రాదు. టోన్ మాత్రం తర్వాత ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఆ పచ్చి ట్రాక్‌ను తిరిగి ప్రాసెసర్‌లోకి పంపి, కొత్త ప్యాచ్‌తో మళ్లీ రికార్డ్ చేసుకోవడాన్నే రీయాంపింగ్ అంటారు. ఈ సదుపాయం ఉన్న ప్రాసెసర్లలో అదంతా ఒక్క యూఎస్‌బీ కేబుల్ మీదే జరుగుతుంది.

ఇక గిటార్ ట్రాక్‌లో మాయమవుతోందన్న బాధ. మొదటి అనుమానితుడు గెయిన్. మీరు ఒంటరిగా విన్నప్పుడు సరిపోయిందనిపించిన గెయిన్‌ను మూడో వంతు తగ్గించండి. గెయిన్ పెరిగేకొద్దీ పిక్ తీగను తాకే చప్పుడు, నోట్ల మధ్య ఖాళీ రెండూ నిండిపోతాయి, చెవికి పట్టుకోవడానికి అంచు దొరకదు. మందం కావాలంటే ఒకే భాగాన్ని రెండుసార్లు వాయించి రికార్డ్ చేసి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి పెట్టండి. ఒకే టేక్‌ను కాపీ చేసి రెండు పక్కలా పెడితే వెడల్పు రాదు, మధ్యలో వాల్యూమ్ పెరుగుతుంది, అంతే. మీ చేతి నుంచి రెండోసారి వచ్చిన చిన్న చిన్న తేడాలే ఆ వెడల్పు.

రెండో అనుమానితుడు కింది శబ్దం. మామూలు ట్యూనింగ్‌లో గిటార్ అన్నిటికంటే లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. దాని కింద ఉన్నదంతా బాస్ గిటార్‌కీ కిక్ డ్రమ్‌కీ వదిలేయాల్సిన చోటు. 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య లో కట్ (కింది శబ్దాలను తీసేసే ఫిల్టర్) పెట్టండి. పైన 6,000 నుంచి 8,000 మధ్య ఎక్కడో హై కట్ పెడితే మిగిలిన గరుకు కూడా పోతుంది. రివర్బ్ రికార్డింగ్‌లో వేయకుండా తర్వాత సాఫ్ట్‌వేర్‌లో కలుపుకోండి. పాటలో భాగమైన డిలే, అంటే దానికి అనుగుణంగా చేతులు వాయించేది అయితే, దాన్ని అలాగే రికార్డ్ చేయండి. అది లేకుండా వాయిస్తే ఆ ఊపు రాదు.

క్యాబ్ మార్చి చూశారా? ప్రీయాంప్ నాబ్‌లను గంటసేపు తిప్పినా రాని మార్పు క్యాబ్ మార్చితే ఒక్క క్షణంలో వస్తుంది. ప్రాసెసర్ ఐఆర్ ఫైళ్లను తీసుకుంటుంటే ఇంకా మంచిది. ఐఆర్ అంటే ఒక స్పీకరూ మైకూ కలిసి శబ్దాన్ని ఎలా మలుస్తాయో కొలిచి దాచిన చిన్న వేవ్ ఫైల్. 48,000 రేటులో 2,048 శాంపుళ్ల ఫైల్ పొడవు 43 మిల్లీసెకన్లు మాత్రమే, మీ టోన్ తీరు చాలావరకు అందులో ఇమిడిపోతుంది. మైక్ స్పీకర్ కోన్ మధ్యలో ఉంటే టోన్ పదునుగా, అంచుకి జరిగేకొద్దీ మెత్తగా మారుతుంది. ఫైల్ పేర్లలో తరచూ కనిపించే 57 అన్నది 1965 నుంచి వస్తున్న షూర్ ఎస్‌ఎం57 మైక్. గిటార్ క్యాబ్ ముందు ఎక్కువగా కనిపించే మైక్ అదే, దానితోనే మొదలుపెట్టండి. వందల ఫైళ్లు దించుకుని రాత్రంతా మార్చి మార్చి వినొద్దు, పది నిమిషాలకే చెవి అలిసిపోయి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. రెండు ఎంచుకుని వాటితో ఒక పాట పూర్తి చేయండి.

మీ యాంప్ సౌండే రికార్డ్ చేయాలన్న కోరిక ఉందిగా, దానికి స్పీకర్ అలాగే కలిపి ఉంచి, ముందు ఒక మైక్ పెట్టండి. దాని పక్కనే ప్రాసెసర్ నుంచి క్యాబ్ ఉన్న సిగ్నల్‌ను కూడా వేరే ట్రాక్‌లో తీసుకోవచ్చు. చాలా ప్రాసెసర్లలో ఒక అవుట్‌పుట్‌కి క్యాబ్ ఆన్, ఇంకోదానికి ఆఫ్ చేసే ఏర్పాటు గ్లోబల్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. స్టేజీ మీద కూడా ఇది దేవుడిచ్చిన వరం: క్యాబ్ లేనిది మీ యాంప్ రిటర్న్‌కి, క్యాబ్ ఉన్నది ఎక్స్‌ఎల్‌ఆర్ ద్వారా మిక్సర్‌కి. మీ వెనక మీ యాంప్ మోగుతుంది, జనానికి మైక్ పెట్టినంత శుభ్రమైన టోన్ వెళ్తుంది. మిక్సర్ వైపు ఆ ఛానెల్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కొన్ని మైక్‌ల కోసం మిక్సర్ కేబుల్‌లోకి పంపే కరెంటు) ఆఫ్ చేయమని ముందే చెప్పండి.

ఈ వారం ఒక పని చేయండి. మీకు బాగా నచ్చిన ఆ హెడ్‌ఫోన్స్ ప్యాచ్‌ను రెండు కాపీలు తీయండి. అసలుదాన్ని రికార్డింగ్‌కీ మిక్సర్‌కీ ఉంచుకోండి. ఒక కాపీలో క్యాబ్ మాత్రం ఆఫ్ చేసి, రిటర్న్ అని పేరు పెట్టండి. ఇంకో కాపీలో యాంప్, క్యాబ్ రెండూ తీసేసి, ఆ చోట లూప్ బ్లాక్ పెట్టి, నాలుగు కేబుళ్లు అని పేరు పెట్టండి. మూడింటినీ వాటి వాటి చోట, ఒకే పాట వాయిస్తూ వినండి. నాలుగు కేబుళ్ల ప్యాచ్ వింటున్నప్పుడు చేయి ఆపాలనిపించకపోతే, మీకు ఆ ప్రీయాంప్ మీద ప్రేమ ఉన్నట్టు, యాంప్ ఉంచుకోండి. రిటర్న్ ప్యాచే బాగుంటే యాంప్‌ను పవర్ యాంప్‌గా, స్పీకర్‌గా వాడుకుంటూ మిగతాది ప్రాసెసర్‌కి వదిలేయండి. రెండూ రుచించక హెడ్‌ఫోన్స్ టోన్ కోసమే మనసు లాగుతుంటే, అప్పుడు పవర్డ్ స్పీకర్ చూడండి. కొనేముందు మీ ప్రాసెసర్‌ను అక్కడికి తీసుకెళ్లి, మీ ప్యాచ్‌తో, బ్యాండ్‌లో వాయించేంత వాల్యూమ్‌లో ఒకసారి విని తీసుకోండి.